ఎడమ పక్క రేకు

చినకోడూరు,
12 జూన్ 1946.

చౌడయ్యన్నకు తమ్ముడు శౌరయ్య వందనాలు.

ఇక్కడ అందరం ఉన్నాం. వదిన, మీ అబ్బాయి అంకమ్మరావు బాగున్నారని తలుస్తాను.

నేను ఉత్తరం రాసి ఏడాది దాటింది. రాసేందుకేమీ లేక రాయలేదు. ఇప్పుడొక పని పడింది.

కామందు వెంకటప్పయ్య గారు ట్రాక్టరు మళ్ళీ నడవాలంటున్నారు. మా లాజరు పోయిన బండే. అప్పుడు కాలవలోంచి ఎద్దులతో లాగించి గొడ్లచావిడి వెనక పడేయించారు. మూడేళ్ళూ అక్కడే ఉంది. దాని మీద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. గుమాస్తా రామలింగం గారు కబురు చేసి పిలిపించారు. "మోటారు షెడ్డులో చౌడయ్య పక్కన ఇరవయ్యేళ్ళు పని చేసొచ్చావు. ఊళ్ళో నువ్వుండగా బెజవాడ దాకా ఎందుకోయ్" అన్నారు. నేను తలూపాను. మా ఇల్లున్న దిబ్బ వారిది. కాదని ఎట్లా అనను?

ఇంటికొచ్చి చెబితే తెరేసమ్మ చేతిలో చేట కింద పెట్టింది. "నా కొడుకును మింగినదానికి నువ్వు మందు పోస్తావా" అంది. ఆ పూట పొయ్యి వెలగలేదు. కోడలు మాణిక్యం ఆ చేట తీసుకుని బయటికి పోయింది.

ఈ తరహా బండి షెడ్డుకు రావడం మొదలయ్యేసరికి నేను కంటికి పొర వచ్చి ఊరికి చేరాను. దీని రేకులు విప్పే వరస నాకు తెలియదు. లాజరు పోవడానికి నాలుగు రోజుల ముందు పడవ మీద షెడ్డుకు వస్తే రేడియేటరు అతికామని రాశావు. రేకులు అప్పుడు విప్పింది నువ్వే అయి ఉంటావు. ముందు ఏది విప్పాలి, తర్వాత ఏది, రాయి. బోల్టులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి.

నీ తమ్ముడు
శౌరయ్య


పటమట, బెజవాడ,
19 జూన్ 1946.

తమ్ముడు శౌరికి చౌడయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చింది. నీ రాత చూసి మీ వదిన "శౌరయ్య మరిది బతికే ఉన్నాడే" అని ఒకటే సంబరం. పోస్టుకార్డుకు నాలుగు ముక్కలు కూడా రాయని పిసినారివి, కవరు నిండా రాశావు. లోకంలో ఏదో మారింది.

ఇక్కడ ఎండలకు రోడ్డు మీద తారు చెప్పుకు అంటుకుని వస్తోంది. కిరసనాయిలుకు కూపను, పంచదారకు కూపను, చివరికి పంచెకు కూడా కూపనే. మా తాతలు బట్టలు నేసిన ఇంట్లో పుట్టి కూపను పట్టుకుని గుడ్డకోసం నిలబడ్డాను, చూడు నా ఖర్మ. అంకమ్మరావును షెడ్డులో హెడ్డు ఫిట్టరును చేశారు. నాకు కాళ్ళు పట్టేసి పని మానేశాను. అరుగు మీద కూర్చుని వచ్చేపోయే జట్కాలు లెక్కపెట్టడమే ఉద్యోగం.

అసలు మాటకొస్తాను. శౌరీ, ఆ పని నువ్వు చెయ్యొద్దు. ఒంటికన్నుతో ఏం విప్పుతావు, ఏం బిగిస్తావు? కాలవలో మునిగిన ఇంజను మూడేళ్ళు ఎండలో పడి ఉంటే ఇంకేం మిగులుతుంది? "పాత ఇనుము కింద అమ్ముకోండి బాబూ" అని ఆయనకు చెప్పు. చెప్పలేవు. నాకు తెలుసు. నలుగురున్న చోట నీళ్ళు కావాలని అడగడానికి కూడా సిగ్గుపడే మనిషివి.

తప్పదంటే విను. ముందు వెనక చక్రాల మీది మడ్డుగార్డులు తియ్యి. చెరి నాలుగు బోల్టులు. తర్వాత పైన బోనెట్టు, దానికి ముందు రెండు, వెనక రెండు. ఆ తర్వాత కుడి పక్క రేకు. అది తీస్తే ఇంజను మొత్తం చేతికి అందుతుంది. బిగుసుకున్న బోల్టుకు కిరసనాయిల్లో తడిపిన పేలిక చుట్టి రెండు రోజులు వదిలెయ్. సుత్తితో బాదకు. మెల్లిగా తట్టు. విప్పిన బోల్టులు ఏ రేకువి ఆ రేకుకే వేరుగా పెట్టుకో. నేను చెప్పాలా, ఈ మాట నాకు నేర్పిందే నువ్వు.

ఎడమ పక్క రేకు జోలికి మాత్రం పోకు. దాని వెనక చూడాల్సిందేమీ లేదు. అనవసరంగా కన్ను పాడుచేసుకుంటావు.

మరదలికి చెప్పు, ఇనుముకు పగ ఉండదని.

నీ అన్న
చౌడయ్య


చినకోడూరు,
14 జూలై 1946.

చౌడయ్యన్నకు వందనాలు.

నువ్వు రాసిన వరసలోనే విప్పాను. మడ్డుగార్డులకు తొమ్మిది రోజులు పట్టింది. ఎనిమిది బోల్టుల్లో మూడు తెగాయి. ఉలి పెట్టి కోశాను. బోనెట్టు తేలిగ్గానే వచ్చింది. రేకుల లోపలి వైపు సుద్దతో అంకెలు వేసి గోడకు చేరేశాను. బోల్టులకు ఒక రేకుడబ్బా పెట్టుకున్నాను. దాంట్లో తాటాకు ముక్కలు అడ్డం పెట్టి గళ్ళు చేశాను.

బోనెట్టు కింద జానెడు ఒండ్రు ఉంది. ఎండి పెళ్ళలు కట్టింది. చేత్తోనే తోడాను. నత్తగుల్లలు వచ్చాయి. ఒక కొంగ ఈక వచ్చింది. ఇంకేమైనా వస్తుందేమోనని ప్రతి పెళ్ళా చిదిపి చూశాను. ఏమీ రాలేదు.

కుడి పక్క రేకు నిన్న వచ్చింది. నువ్వన్నట్టు ఇంజను చేతికి అందుతోంది. నువ్వనుకున్నంత పాడు కాలేదు.

ఎడమ పక్క రేకు విప్పక తప్పదన్నా. బండి ఆ పక్కకే పడింది గదా. రేకు లోపలికి సొట్టపోయింది. క్లచ్చి పెడలు కదలడం లేదు. రేకు దానికి అడ్డం పడిందో, ఇంకేమైనా ఉందో చూడాలి. ఒకటే పెడలున్న బండి ఇది. సగం తొక్కితే ఇంజను వదులుతుంది, పూర్తిగా తొక్కితే బండి ఆగుతుంది. అది సరిగా లేకుండా ఎవరినైనా ఎట్లా ఎక్కిస్తాం?

ఎక్కేదెవరో కూడా తేలింది. మాణిక్యం తమ్ముడు ఆమోసు. పెళ్ళై ఆర్నెల్లయింది. "బావ నడిపిన బండి నేను నడుపుతా" అంటాడు. మాణిక్యం వాడి మొహం చూడటం మానేసింది. పంపు దగ్గర ఎవరో "మీ ఆయనలాగా మీవాడూ తాగి కాలవలో దింపకుండా చూసుకో" అన్నారట. బిందె అక్కడే వదిలేసి వచ్చింది.

నీకో మాట చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు. వాణ్ణి పూడ్చిన రోజున నేను మట్టి వెయ్యలేదు. మా కిరస్తానీల్లో అయినవాళ్ళు మూడేసి గుప్పిళ్ళు వేస్తారు. మొదట తండ్రి వెయ్యాలి. నేను వెనక్కి జరిగాను. పాస్కా పండుగనాడు వాడు తాగొస్తే కొట్టాను. ఆ తర్వాత వాడితో మాట్లాడలేదు, యాభై రోజులు. మళ్ళీ తాగే పోయాడని, ఆ పూటే రామలింగం గారు తెచ్చిచ్చిన నీ ఉత్తరంలో చదివాక చెయ్యి రాలేదు. తెరేసమ్మ నా చెయ్యి పట్టి లాగింది. నేను విదిలించుకున్నాను.

బండి విప్పుతుంటే అవన్నీ గుర్తొస్తున్నాయి. అందుకే రాశాను.

శౌరయ్య


పటమట,
20 జూలై 1946.

శౌరికి,

తొందరగా రాస్తున్నాను. ఎడమ పక్క రేకు విప్పకు. శ్రావణం వెళ్ళనీ. నా కాళ్ళు కాస్త సర్దుకోగానే నేనే వచ్చి విప్పుతాను. అంతదాకా దాన్ని ముట్టుకోకు. కామందు గారు అడిగితే పార్టులు రావాలని చెప్పు.

మట్టి సంగతి రాశావు. అది చదివి ఆ పూట అన్నం తినలేదు. ఎందుకని మీ వదిన అడిగింది. పంటి నొప్పన్నాను.

చౌడయ్య


చినకోడూరు,
9 ఆగస్టు 1946.

చౌడయ్య గారికి శౌరయ్య నమస్కరించి రాయునది.

మీరు ఆగమన్నారు. ఆగలేదు.

ఆ రేకుకు ఆరు బోల్టులు. రెండింటి తలలు అరిగి గుండ్రంగా ఉన్నాయి. సరిపోని పానా పెట్టి తొందరలో బిగించినట్టుంది. మీరెప్పుడూ అట్లా బిగించరు. ఎవరో కొత్తవాళ్ళనుకున్నాను. కొలిమిలో కడ్డీ కాల్చి బోల్టులకు ఆనించి, చల్లారనిచ్చి తిప్పాను. ఆరూ వచ్చాయి.

పెడలు నుంచి క్లచ్చికి పోయే కడ్డీ రెండు ముక్కలై ఉంది. వాటిని పక్కపక్కన పెట్టి ఇనప తీగ చుట్టారు. ఒక ముక్క తీగలోంచి జారిపోయింది. రెండోది ఇంకా తీగలోనే ఉంది.

తీగ కొస పైకి లేదు. వెనక్కి మడిచి చుట్ల కిందకి దూర్చి ఉంది. మెలికలు ఎడమచేతివాడు వేసినవి.

షెడ్డులో తీగ అట్లా కట్టే మనిషిని ఒక్కణ్ణే చూశాను. "ఫిట్టరు పనా, చీర నేతా?" అని అందరం నవ్వేవాళ్ళం. "పోగు కొస పైకి తేలితే కట్టుకున్నమ్మ వేలికి తగులుతుందిరా, మా నాన్న వీపు చీరేసేవాడు" అనేవారు మీరు.

పెడలు కాడ కిందికి వంగి ఉంది. రెండు వేళ్ళ మందం ఇనుము అది. పడ్డప్పుడు వంగిందేమో అని చూశాను. పడ్డది పక్కకు. వంగింది కిందికి. కాలితో తొక్కిన వంపు అది. కడ్డీ ఊడిపోయిన పెడలును కాడ వంగేదాకా తొక్కాడు. తాగి తూలేవాడు అట్లా తొక్కడు.

43వ సంవత్సరం జూన్ 15న మీరు రాసిన ఉత్తరం నా దగ్గరుంది. అందులో ఇట్లా ఉంది: "పడవ ఎక్కేరోజే వాడి నోట కల్లు వాసన కొట్టింది. మందలించాను. వినలేదు. నీవు మనసు కష్టపెట్టుకోకు. రేడియేటరు అతికి పంపాము, బండిలో లోపమేమీ లేదు."

రేడియేటరుకు అతుకేమీ లేదు. చూశాను.

తీగ ముక్క కోసి కవరులో పెట్టాను. మీదే. చూసి రాయండి.

శౌరయ్య


పటమట,
17 ఆగస్టు 1946.

శౌరికి,

కవరు అందింది. ఆ తీగ ఎవరిదో నేనెట్లా చెప్పను? షెడ్డులో పదిమందిమి. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు నాలాగే కడతారు. మూడేళ్ళ కిందటి సంగతి. యుద్ధం రోజులు. ఎవరు ఏ పని చేశారో ఏం గుర్తు?

షెడ్డు కామందు గారి అల్లుడిదని నీకు తెలుసు. అంకమ్మరావు అక్కడే బతుకుతున్నాడు. ఆలోచించి రాయి.

"గారు" అని రాశావు. "మీరు" అన్నావు. కులం వేరైనా ఇరవయ్యేళ్ళు షెడ్డులో ఒకే పళ్ళెంలో మరమరాలు తిన్నాం. తీగ కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

చౌడయ్య


చినకోడూరు,
28 ఆగస్టు 1946.

చౌడయ్య గారికి,

మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఎడమచేతివాళ్ళు ఎవరో రాయండి.

నిన్న రామలింగం గారు వచ్చారు. విరిగిన కడ్డీ చూపించి కొత్తది తెప్పించమన్నాను. "దానికి మద్రాసు రాయాలి. అందాకా తీగతో గట్టిగా కట్టెయ్, రేకు మూసేస్తే ఎవరికి కనపడుతుంది" అన్నారు. ఆయన మొహం చూశాను. ఆ మాట అనడం ఆయనకు కొత్త కాదు. నోటికి అలవాటైనట్టు వచ్చింది.

నేను కట్టలేదు. కడ్డీని కొలిమిలో పెట్టి అతికాను. దాగలి మీద రెండు పూటల పని. వంగిన కాడను కూడా కాల్చి సరిచేశాను. తెరేసమ్మ తిత్తి ఊదింది. ఇంటికొచ్చాక చేతులు కడుక్కుంటూ కూర్చుంది.

ఈ పని అప్పుడే చెయ్యొచ్చు. షెడ్డులో మనకు కొలిమి ఉంది. ఎందుకు చెయ్యలేదు? అదొక్కటి రాయండి. వాడు తాగి ఉన్నాడా లేదా, అది రాయండి. ఈ రెండు తప్ప నాకేమీ వద్దు.

శౌరయ్య


పటమట,
11 అక్టోబరు 1946.

శౌరీ,

ఈ ఉత్తరం ఆరుసార్లు మొదలుపెట్టి చించాను. నీ తీగ ముక్క నా తలగడ కింద ఉంది. మొన్న పక్క దులుపుతుంటే మీ వదిన చేతికి తగిలింది. ఏమిటన్నది. చెప్పాను. అంతా విని లేచి, ఆ రోజు లాజరు తిన్న ఇత్తడి పళ్ళెం పైనుంచి దించి నా ముందు పెట్టింది. "ఇందులో పెట్టాను వాడికి. రాస్తావా, నన్ను రాయించమంటావా" అంది. ఆమెకు చదువు రాదు. అయినా రాయించేస్తుంది.

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

జూన్ పదో తారీఖు పొద్దున పడవ వచ్చింది. బండీ, లాజరూ, రామలింగం గారూ. రేడియేటరు కాదు, కడ్డీయే విరిగింది. కొలిమిలో పెడదామన్నాను. బొగ్గు తేవాలి, రాజెయ్యాలి, రెండు పూటలు పడుతుందన్నాను. కాలవలకు నీళ్ళు వదిలేశారు, దుక్కి ఆగకూడదు, పడవ సాయంత్రానికి తిరిగి వెళ్ళాలి అని ఆయన గడియారం చూస్తూ కూర్చున్నాడు. "వారంలో మద్రాసు నుంచి కొత్త కడ్డీ వస్తుంది. అందాకా తీగ కట్టు. డ్రైవరుకు చెప్పకు, చెబితే ఎక్కడు" అన్నాడు. కట్టాను. గట్టిగానే కట్టాను, శౌరీ. కొస కూడా దాచాను. కొస దాచడానికి పట్టింపు ఉన్నవాడికి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఆ రేకు బిగించింది కూడా నేనే. తొందరలో సరైన పానా వెతకలేదు.

లాజరు అప్పుడు మా ఇంట్లో అన్నం తింటున్నాడు. గోంగూర వేసుకుని తిన్నాడు. మీ వదిన మజ్జిగ పోసింది. అది తాగాడు. వాడు ఆ రోజు తాగింది అదొక్కటే. కల్లు వాసనా లేదు, ఏమీ లేదు. "ఒట్టేశాను పెదనాన్నా, పాస్కా పండుగనాటి నుంచి ముట్టలేదు. నాన్న మాట్లాడటం లేదు. ఈ పంట ఇంటికి చేరాక కాళ్ళ మీద పడతాను" అన్నాడు. పడవ ఎక్కబోతూ "బండి బాగయిందా పెదనాన్నా" అని అడిగాడు.

"అయిందిరా" అన్నాను.

వాడు పోయిన కబురు తెచ్చింది రామలింగమే. "తండ్రి నీ మాటైతే నమ్ముతాడు. తాగి ఉన్నాడని రాయి. లేకపోతే తీగ కట్టిన చెయ్యి ఎవరిదో అందరూ అడుగుతారు" అన్నాడు. రాశాను. ఆయన చేతికిచ్చి పంపిన ఆ కాగితమే నిన్ను నీ కొడుకు గోతి దగ్గర వెనక్కి లాగిందని నీ జూలై ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు. తెలిసినా చెప్పేవాణ్ణో లేదో. మూడేళ్ళు చెప్పనివాణ్ణి.

క్షమించమని అడగను. ఈ ఉత్తరం ఎవరికి చూపిస్తావో చూపించు. ఎక్కడ చదివిస్తావో చదివించు. అంకమ్మరావుకు చెప్పాను. "నా పని పోతే పోయింది, చదవనీ" అన్నాడు.

సమాధుల పండుగకు రమ్మంటే వస్తాను. రావద్దంటే రాను.

చౌడయ్య


చినకోడూరు,
4 నవంబరు 1946.

చౌడయ్యా,

నీ ఉత్తరం అందాక మూడు వారాలు నేను రాయలేదు. నిన్ను రమ్మనలేదు. రావద్దని కూడా అనలేదు. ఏమనాలో తెలియలేదు.

మొన్న రెండో తారీఖున సమాధుల పండుగ. వాన. పూజ అయ్యాక అందరూ కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరికి నడిచారు. వానకు సగం ఆరిపోయాయి. ఫాదరు గారికి నీ ఉత్తరం ముందే చూపించాను. "నేను చదువుతాను శౌరయ్యా, నీవల్ల కాదు" అన్నారు. నేనే చదువుతానన్నాను. ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

లాజరు గోతి దగ్గర నిలబడి కాగితం తీశాను. వెనక ఎవరో "ఒరేయ్, శౌరయ్య తాత మాట్లాడతాడంటరా" అని నవ్వారు. మొదటి నాలుగు ముక్కలు నాకే వినపడలేదు. తెరేసమ్మ వచ్చి పక్కన నిలబడింది. "గట్టిగా చదువు. వాడికి వినపడాలి" అంది.

గట్టిగా చదివాను.

మజ్జిగ మాట దగ్గరికి వచ్చేసరికి మాణిక్యం కూలబడింది. ఆమోసు పట్టుకున్నాడు. పంపు దగ్గర ఆ మాట అన్న మనిషి తల మీదికి కొంగు లాక్కుంది.

నీ పేరు కూడా చదివాను. వదిలేద్దామనే వెళ్ళాను. ఆ చోటికి వచ్చాక ఆగాను. వాడి పేరు మూడేళ్ళు అందరి నోళ్ళలో నలిగింది గదా అనుకున్నాను. చదివేశాను. రామలింగం పేరూ చదివాను.

మర్నాడు కామందు గారు పిలిపించారు. నన్ను వాకిట్లోనే నిలబెట్టారు. నెలాఖరుకు దిబ్బ ఖాళీ చెయ్యమన్నారు. సరేనన్నాను. "బండి పూర్తయిందా" అన్నారు. అయిందన్నాను. "ఆ ఎడమ పక్క రేకు బిగించలేదేం, దిష్టిబొమ్మలా ఉంది" అన్నారు. "కన్ను ఆనడం లేదండి, బోల్టు బెజ్జాలు దొరకలేదు" అన్నాను. ఆ బోల్టులు ఆరూ కాలవలో వేశాను. ఆ రేకు ఇక బిగుసుకోదు. ఎక్కబోయేవాడు ఎవడైనా ముందు కడ్డీ చూసి ఎక్కుతాడు. ఆమోసుకు చూపించాను. చేత్తో పట్టి ఊపి చూడమన్నాను. చూశాడు. రోజూ చూడమన్నాను.

దిబ్బ వదిలాక ఇబ్రహీంపట్నంలో మాణిక్యం పిన్ని ఇంటికి పోతాం. ముసలిదీ నేనూ ఎక్కడైనా ఉండగలం. వాణ్ణి ఇక్కడ వదిలి పోవడమే కష్టం.

మట్టి సంగతి చెప్పాలి. చదవడం అయ్యాక వంగాను. వానకు మట్టి ముద్దగా ఉంది. మూడేళ్ళకు వేశాను. ఒక గుప్పెడు. రెండో గుప్పెడు. తెరేసమ్మ చూస్తూ ఉంది. మూడోది పిడికిట్లోకి తీసుకున్నాను. వెయ్యలేదు.

నాకు చెయ్యి రాకపోవడం వల్ల కాదు. వాడు పెదనాన్నా అన్నాడు నిన్ను.

బోల్టుల డబ్బా ఖాళీ అయింది గదా. ఆ గుప్పెడు అందులో పోసి మూత పెట్టాను. డబ్బా వాడి తల దగ్గర, సిలువ వెనక ఉంది. వానకు తడవదు. ముప్పయ్యో తారీఖు దాకా మేం ఇక్కడే ఉంటాం. తర్వాత ఉండం. డబ్బా ఉంటుంది.

వచ్చి వెయ్యి. రాకపోతే అది వెయ్యకుండానే ఉంటుంది.

శౌరయ్య